పెట్టుబడి ఎందుకొచ్చిందో ముందు అడుగు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

సుంకాలు, ఆంక్షల వల్ల విదేశీ పెట్టుబడులు ఎటు మళ్లుతున్నాయన్న నీ రిపోర్టు చిత్తుప్రతి చదివాను. టెన్షన్ పడాల్సినంత తప్పులేమీ లేవు. కాకపోతే మొత్తం కథని "చైనాకు నష్టం, వియత్నాంకు లాభం" అని తేల్చేశావు. 2018 జులైలో అమెరికా చైనా సరుకుల మీద 25 శాతం సుంకం మొదలుపెట్టాక వియత్నాం, మెక్సికోలలో కొత్త ఫ్యాక్టరీలు లేచిన మాట నిజమే. వాటిలో చైనా కంపెనీలు కట్టినవీ చాలా ఉన్నాయి. సుంకం పడింది సరుకు తయారైన దేశాన్ని బట్టి గనక, యజమాని మారకుండా చిరునామా మార్చుకున్నాడు.

అందుకే ముందు డబ్బు అసలు ఎవరిదో చూడు. వియత్నాం లెక్కల్లో సింగపూర్ పేరు తరచుగా పైనే కనిపిస్తుంది. అక్కడి అనుబంధ సంస్థల ద్వారా వేరే దేశాల డబ్బు వచ్చినా సింగపూర్ పద్దులోనే పడుతుంది. అలాగే నమోదైన పెట్టుబడి వేరు, నిజంగా ఖర్చయిన పెట్టుబడి వేరు. నువ్వు రెండూ కలిపేశావు, విడదియ్యి.

ఆ తర్వాత, ఆ పెట్టుబడి ఏ కారణం మీద నిలబడి ఉందో అడుగు. సోలార్ ప్యానెళ్ల సంగతే తీసుకో. 2012లో అమెరికా చైనా ప్యానెళ్ల మీద సుంకాలు వేసింది. కంపెనీలు మలేసియా, థాయ్‌లాండ్, వియత్నాం, కంబోడియాలకు తరలాయి. కానీ వేఫర్లు (ప్యానెల్‌కి మూలమైన పల్చటి సిలికాన్ పలకలు) చాలావరకు చైనా నుంచే వచ్చేవి, ఆ నాలుగు దేశాల్లో జరిగేది చివరి దశ పని. 2023 ఆగస్టులో అమెరికా వాణిజ్య శాఖ కొన్ని కంపెనీలు ఈ దారిలో సుంకం ఎగ్గొడుతున్నాయని తేల్చింది. 2025 ఏప్రిల్‌లో ఆ నాలుగు దేశాల మీదా కొత్త సుంకాలు ఖరారు చేసింది, కంబోడియా కంపెనీలు కొన్నిటికి అవి 3,500 శాతం దాటాయి! ఈలోగా ఫ్యాక్టరీలు ఇండోనేసియా, లావోస్ వైపు నడిచాయి. ఆ జులైకల్లా ఆ రెండింటి మీదా, భారత్ మీదా అమెరికా తయారీదారులు ఫిర్యాదు పెట్టారు. అక్కడ ఉద్యోగాల్లో చేరిన వాళ్ల సంగతి తలుచుకుంటే నాకు బాధేస్తుంది. నీ రిపోర్టులో వాళ్లకీ ఒక పేరా ఉండాలి.

ఆంక్షల తీరు వేరు. సుంకం పడితే లాభం తగ్గుతుంది. ఆంక్షలు పడితే బ్యాంకు దారే మూసుకుపోతుంది. ఇరాన్‌లో సౌత్ పార్స్ గ్యాస్ క్షేత్రం 11వ దశకు 2017లో ఫ్రాన్స్ కంపెనీ టోటల్, చైనా ప్రభుత్వ కంపెనీ సీఎన్‌పీసీ, స్థానిక సంస్థ పెట్రోపార్స్ కలిసి ఒప్పందం చేసుకున్నాయి. 2018 మేలో అమెరికా ఇరాన్ అణు ఒప్పందం నుంచి తప్పుకుని ఆంక్షలు మళ్లీ పెట్టింది, టోటల్ వెళ్లిపోయింది. ఆ వాటా చైనా కంపెనీకి వచ్చింది. "పాశ్చాత్యులు వదిలింది చైనా అందుకుంటుంది" అని నువ్వు రాసిన వాక్యం అంతవరకే సరిపోతుంది. 2019కల్లా సీఎన్‌పీసీ కూడా తప్పుకుంది, చివరికి మిగిలింది పెట్రోపార్స్ ఒక్కటే. ఇరాన్‌తో లావాదేవీ చేసే మూడో దేశం కంపెనీని కూడా డాలర్ వ్యవస్థ నుంచి బయటపెట్టగల శక్తి అమెరికాకు ఉంది. ఎన్నో దేశాల్లో వ్యాపారమున్న కంపెనీ ఒక్క గ్యాస్ క్షేత్రం కోసం ఆ రిస్క్ తీసుకోదు. కాబట్టి ఆంక్షలున్న దేశానికి ఎవరు వస్తారని రాసేటప్పుడు, ఆ కంపెనీకి డాలర్లతో ఎంత పనుందో ముందు చూడు.

తుర్కియే ఉదాహరణ చిన్నదే అయినా వదలకు. 2024 జూన్‌లో చైనా కార్ల మీద 40 శాతం అదనపు సుంకం ప్రకటించింది, జులైలో చైనా కార్ల కంపెనీ బీవైడీతో 100 కోట్ల డాలర్ల ఫ్యాక్టరీకి ఒప్పందం చేసుకుంది. తన మార్కెట్‌తో పాటు యూరప్‌తో ఉన్న కస్టమ్స్ యూనియన్ (కార్ల వంటి సరుకు సుంకం లేకుండా అటూ ఇటూ వెళ్లే ఏర్పాటు) కూడా దాని చేతిలో ఉంది గనకే బేరం కుదిరింది. ఆ రెండూ లేని చిన్న దేశానికి ఇదే సలహా ఇవ్వకు.

రెండో ప్రతిలో ప్రతి ప్రాజెక్టు పక్కన రెండు గడులు పెట్టు. ఏ సుంకం తేడా వల్ల వచ్చిందో ఒకదాంట్లో, ఆ తేడా పోతే అక్కడ ఇంకేం మిగులుతుందో రెండోదాంట్లో రాయి. రెండో గడి ఖాళీగా ఉన్న ప్రాజెక్టుల జాబితా నాకు విడిగా పంపించు.

నీ మేలు కోరే
పెదనాన్న