సుత్తి దెబ్బతో ముద్రించిన సిక్స్‌పెన్స్: అరుగుదలా, ముద్ర లోపమా?

ప్రశ్న: ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ కాలపు, ఆరు పెన్నీల విలువైన వెండి సిక్స్‌పెన్స్ ఒకటి అమ్మకానికి వచ్చింది. అక్షరాలు చక్కగా ఉన్నా రాణి ముఖం చదునుగా ఉంది. ఏ గ్రేడు (నాణెం ఎంత బాగుందో చెప్పే స్థాయి) అనుకోవాలి?

జవాబు: ముఖం ఒక్కటే చూసి అరిగిందని తీర్మానించకండి. చేత్తో సుత్తితో కొట్టిన నాణెంలో దెబ్బ సమంగా పడకపోతే, ఎత్తయిన చెంప భాగంలోకి వెండి పూర్తిగా చేరదు. నాణెం తిప్పి, సరిగ్గా ఆ చోటికి వెనకవైపున్న డాలు బొమ్మ గీతలు చూడండి. అవీ మసకగా ఉండి, చుట్టూ అక్షరాల అంచులు పదునుగా ఉంటే అది ముద్ర లోపమే. అరుగుదలైతే అక్షరాలూ మొద్దుబారతాయి. గ్రేడు అరుగుదలను బట్టే ఇవ్వాలి; ముద్ర లోపాన్ని పక్కన విడిగా, ‘వెరీ ఫైన్ (ఓ మోస్తరు అరుగుదల), ముఖం బలహీనం’ అని రాయాలి. ధర మాత్రం తగ్గుతుంది, కొనేవారు మొదట చూసేది ముఖమే కదా!

తర్వాత తూకం. సుమారు 3 గ్రాములు ఉండాలి. బాగా తక్కువై, బయటి చుక్కల వలయం తెగి ఉంటే అంచు కత్తిరించారన్నమాట. రాణి తల వెనక మామూలుగా గులాబీ ఉంటుంది. పన్నెండు పెన్నీల నాణెమైన షిల్లింగ్‌కు అది ఉండదు.

నలుపును చింతపండుతో తోమకండి, దయచేసి. తోమితే పడే గీతలు ఇక పోవు.