ఆ కుర్చీ చప్పుడు

హన్మకొండ

తమ్ముడూ,

‘సార్జంట్ పెప్పర్స్’ ఆల్బమ్ మీద నువ్వు రాసి పంపిన రివ్యూ నాలుగు పేజీలూ చదివాను. మూడు పేజీలు ఆ ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ ఎంత గొప్పవాళ్లో చెప్పడానికే సరిపోయాయి. పాటల దగ్గరికొచ్చేసరికి ‘అద్భుతం’ అని చేతులు దులుపుకున్నావు. వాళ్లు గొప్పవాళ్లని కాజీపేటలో రైలు కోసం కూర్చున్నవాళ్లక్కూడా తెలుసు.

అంత పేరుతో వాళ్లేం చేసుకున్నారో అది రాయి. అభిమానుల కేకల్లో తమ పాట తమకే వినపడక, 1966 ఆగస్టు తర్వాత టూర్లు మానేశారు. నెలల తరబడి స్టూడియోలో కూర్చున్నారు. కొత్తవాళ్లకి అంత టైం ఎవరిస్తారు?

‘ఎ డే ఇన్ ద లైఫ్’ పాట చివర పియానోలన్నీ ఒక్కసారిగా మోగుతాయి కదా. ఆ మోత దాదాపు 40 సెకన్లు సాగుతుంది. అది సన్నబడేకొద్దీ రికార్డింగ్ లెవెల్ పెంచుతూ పోయారు. ఎంత పెంచారంటే, గదిలో కుర్చీ కిర్రుమన్నది కూడా టేపులో పడింది. ఆర్‌ఈసీ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో (ఇప్పుడు నిట్ అనాలి, నోరు తిరగదు) ఫ్రెండ్ రూంలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నప్పుడు అది నా కుర్చీయే అనుకున్నాను. లేచి నిలబడి, టేపు వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మళ్లీ కిర్రుమంది.

అదే రాయమని కాదు. నీ చెవిన పడింది ఒక్కటైనా ఉండాలి కదా!

బీటిల్స్‌లో ఒకడైన హారిసన్ పాటలో దిల్‌రుబా (కమానుతో వాయించే మన తంతివాద్యం), తబలా వినపడగానే మన సంగీతం ఘనత అంటూ ఒక పేరా ఎత్తుకున్నావు. కొట్టెయ్. ఆ పాటలో మిగతా ముగ్గురు బీటిల్స్ అసలు వాయించనే లేదు, దాన్ని పట్టుకో. దిల్‌రుబా జారినట్టే వయొలిన్లు జారడానికి పడే తంటాలు విను. ‘మిస్టర్ కైట్’ పాటలో మాటలు చాలావరకు 1843 నాటి సర్కస్ పోస్టర్‌లోవి. చౌరస్తాలో గోడల నిండా పోస్టర్లే, మనలో ఒక్కడు చదివాడా?

నచ్చనిది కూడా రాయి. ‘గుడ్ మార్నింగ్’ పాటలో ఆ కోళ్లు, కుక్కల గోల నాకు ఇప్పటికీ పడదు.

నేనేదో మొదటినుంచీ బుద్ధిగా విన్నానని అనుకోకు. నా మొదటి రివ్యూకి క్యాసెట్ ఒక వైపే విన్నాను. రెండో వైపు పెట్టగానే టేపు ప్లేయర్‌లో చిక్కుకుంది. పెన్సిల్‌తో చుట్టే ఓపిక లేక, కవర్ మీద పేర్లు చూసి రాసేశాను. నేను విషాదగీతం అన్నది పెళ్లి పాటట. అచ్చయ్యాక తెలిసింది.

ఆదివారం మా ఇంటికి రా, కలిసి విందాం. హెడ్‌ఫోన్స్ తెచ్చుకో, నావి ఒక చెవికే పనిచేస్తున్నాయి.

మీ అన్న