సీఐఎఫ్ అంటే దుబాయ్ దాకా పూచీ మనదేనా?

ఎగుమతి – దిగుమతి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీ. దుబాయ్ వర్తకుడికి ‘ఎఫ్ఓబీ చెన్నై’ (చెన్నైలో ఓడెక్కించే దాకా) ధర పంపితే, ‘సీఐఎఫ్ జెబెల్ అలీ’ (దుబాయ్ రేవు దాకా ఓడ కిరాయి, బీమా కలిపి) ధర ఇమ్మంటున్నాడు. ఓడ కిరాయి, బీమా కలిపి చెప్పేస్తే చాలా? దారిలో సరుకు పాడైతే నష్టం ఎవరిది?
– ఒక పాఠకుడు, బంగారుపాళెం

జవాబు: ధర వరకైతే మీరన్నట్టు కలిపి చెప్పేస్తే చాలు. నష్టం ఎవరిదన్నది మాత్రం వేరే లెక్క. ఈ మూడక్షరాల మాటలను ఇన్‌కోటెర్మ్స్ అంటారు. ప్యారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో వీటిని మొదలుపెట్టింది. ఇప్పుడు చెల్లుబాటులో ఉన్నది 2020 కూర్పు, అందులో మొత్తం 11 మాటలు. ప్రతి మాటా రెండు సంగతులు తేలుస్తుంది: ఖర్చు ఎక్కడిదాకా అమ్మినవాడిది, పూచీ ఎక్కడిదాకా అమ్మినవాడిది.

ఎఫ్ఓబీలో ఆ రెండూ ఒకచోటే తెగిపోతాయి. చెన్నై రేవులో సరుకు ఓడ మీదికి ఎక్కాక ఖర్చూ కొన్నవాడిదే, పూచీ కొన్నవాడిదే. సీఐఎఫ్‌లో ఖర్చు జెబెల్ అలీ రేవు దాకా మీదే, పూచీ మాత్రం ఎఫ్ఓబీలో లాగానే చెన్నైలో ఓడెక్కడంతో తీరిపోతుంది. కాబట్టి నడిసముద్రంలో సరుకు దెబ్బతింటే నష్టం దుబాయ్ వర్తకుడిది. మీరు ప్రీమియం కట్టి తీసిచ్చిన పాలసీ మీద ఆయన క్లెయిం చేసుకోవాలి. అందుకే పాలసీ ఆయన చేతికి చెల్లేలా వెనక సంతకం (ఎండార్స్) చేసి, మిగతా కాగితాలతో పాటే పంపాలి.

చిక్కంతా ఆ బీమా దగ్గరే. సీఐఎఫ్ కింద మీరు తప్పనిసరిగా తీయాల్సింది ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజెస్‌లో (సరుకు బీమా నిబంధనల్లో) అన్నిటికన్నా చిన్నదైన ‘సి’ రకమే. మొత్తం ఇన్వాయిస్ విలువకు 110 శాతం ఉండాలి, అంటే 20,000 డాలర్ల సరుకుకు 22,000 డాలర్లు. ఓడ మునిగినా, నేలకు తగులుకున్నా, మంటలు లేచినా, లారీ బోల్తా పడినా ‘సి’ పనికొస్తుంది. దొంగతనానికీ, కంటైనర్‌లోకి ఉప్పునీరు చేరినదానికీ పనికిరాదు. అన్నిటికన్నా పెద్దదైన ‘ఎ’ రకానికి ప్రీమియం కొంత పెరుగుతుంది, అయినా గుజ్జు లాంటి సరుకుకు అదే తీయించండి. బీమా లేకుండా మాత్రం సరుకు ఎక్కించకండి. 2021 మార్చిలో ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువలో ఆరు రోజులు అడ్డం పడ్డప్పుడు యజమానులు ‘జనరల్ యావరేజ్’ ప్రకటించారు. ఓడను గట్టెక్కించిన ఖర్చును అందులో సరుకున్న వాళ్లందరూ పంచుకోవాలని దాని అర్థం. ఇలాంటప్పుడు బీమా ఉన్నవాళ్లకు బీమా కంపెనీ హామీ ఇస్తుంది. లేనివాళ్లు డిపాజిట్ కట్టేదాకా సరుకు విడిపించుకోలేరు, సరుకు చెక్కుచెదరకుండా ఉన్నా సరే.

‘ఎ’ రకం కూడా ప్యాకింగ్ లోపానికి డబ్బివ్వదు. 20 అడుగుల కంటైనర్‌లో 215 కిలోల అసెప్టిక్ డ్రమ్ములు (లోపల గాలి చొరని సంచిలో గుజ్జు ఉండేవి) 80, అంటే 17.2 టన్నుల గుజ్జు పడుతుంది. నేలలో ఒక మేకు పైకి లేచి ఉన్నా, పై వరస డ్రమ్ములు కదిలి ఒరుసుకున్నా సంచి చిట్లుతుంది. గాలి తగిలిన గుజ్జు పులిసి, డ్రమ్ము ఉబ్బుతుంది. ఖాళీ కంటైనర్ ఫ్యాక్టరీకి రాగానే ఒక మనిషిని లోపలికి పంపి తలుపులు మూయండి. ఎక్కడైనా వెలుగు కనబడితే ఆ కంటైనర్ వద్దనండి. మేకులు, తడి, రసాయనాల వాసన కూడా చూసి, ఫోటోలు తీశాకే డ్రమ్ములు ఎక్కించండి. వరసల మధ్య సందుల్లో గాలి సంచులు పెట్టండి.

ఎఫ్ఓబీ గురించి కూడా ఒక మాట. కంటైనర్‌ను మీరు టెర్మినల్ గేటులో అప్పజెప్పాక అది ఓడెక్కడానికి రోజులు పట్టవచ్చు. ఆ యార్డులో ఏం జరిగినా ఎఫ్ఓబీ ప్రకారం పూచీ ఇంకా మీదే. అందుకే కంటైనర్ సరుకుకు ‘ఎఫ్‌సీఏ’ వాడమని ఆ మండలే చెబుతుంది. అందులో క్యారియర్‌కు (సరుకు మోసే కంపెనీకి) అప్పజెప్పగానే మీ పూచీ తీరిపోతుంది. సీఐఎఫ్‌కూ ఇదే చిక్కు ఉంది, దానికి బదులు మాట ‘సీఐపీ’. అలవాటు కొద్దీ అందరూ ఎఫ్ఓబీయే రాస్తున్నారు, అది మంచి అలవాటు కాదు.

ఏ మాట రాసినా పక్కన ఊరో రేవో, దాంతో పాటు ‘ఇన్‌కోటెర్మ్స్ 2020’ అనీ తప్పకుండా రాయండి. ఉత్త ‘సీఐఎఫ్’ అని రాస్తే ఏ రేవని తర్వాత తగువు పడాల్సి వస్తుంది. ‘డీడీపీ’ అడిగితే ఒప్పుకోకండి, అక్కడి దిగుమతి సుంకం, పన్ను కూడా మీ నెత్తిన పడతాయి.

ప్రశ్న: గ్రానైట్ పలకలు పంపాము. 30 శాతం అడ్వాన్సు వచ్చింది. ఓడ చేరబోతోంది, బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్) సరెండర్ చేసి టెలెక్స్ రిలీజ్ ఇవ్వండని కొన్నవాళ్లు తొందర పెడుతున్నారు. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, కుప్పం

జవాబు: మిగతా 70 శాతం మీ ఖాతాలో పడేదాకా ఇవ్వకండి. బ్యాంకు స్లిప్పు ఫోటో పంపితే డబ్బు వచ్చినట్టు కాదు.

బిల్ ఆఫ్ లేడింగ్ అంటే ఓడలో పంపడానికి సరుకు అందుకున్నట్టు ఇచ్చే రశీదు మాత్రమే కాదు, సరుకు మీద హక్కు పత్రం కూడా. మామూలుగా మూడు ఒరిజినల్స్ ఇస్తారు, వాటిలో ఏ ఒక్కటి చూపి సరుకు తీసుకున్నా మిగతా రెండూ చెల్లవు. సరెండర్ అంటే ఆ మూడింటినీ మీరు చెన్నైలోనే షిప్పింగ్ లైన్‌కు తిరిగి ఇచ్చేయడం. అప్పుడు వాళ్లు అవతలి రేవులోని తమ ఆఫీసుకు కబురు పెడతారు, కొన్నవాడు కాగితం లేకుండానే డెలివరీ ఆర్డర్ తీసుకుంటాడు. పేరులో టెలెక్స్ ఉన్నా ఇప్పుడదంతా ఈమెయిలే. ఒకసారి రిలీజ్ అయ్యాక సరుకు మీద మీ పట్టు పోయినట్టే. ‘సీ వేబిల్’ తీసుకున్నా అంతే, దానికి హక్కు పత్రం గుణం లేదు.

మీ చేతిలో ఉన్నది మాస్టర్ బీఎల్లా, హౌస్ బీఎల్లా అన్నది కూడా చూసుకోండి. మాస్టర్ ఇచ్చేది ఓడ కంపెనీ, హౌస్ ఇచ్చేది ఫార్వార్డర్ (రవాణా ఏర్పాట్లు చూసే సంస్థ). హౌస్ బీఎల్ మీద డెలివరీ ఇచ్చేది అవతలి రేవులోని ఆ ఫార్వార్డర్ ఏజెంటు. కాబట్టి ఆ ఏజెంటు ఎవరో, వసూలు చేసే ఛార్జీలు ఎంతో బుకింగ్ రోజే అడిగి రాయించుకోండి. కన్సైనీ (సరుకు అందుకునేవాడి) గడిలో కొన్నవాడి పేరు నేరుగా పెట్టకుండా ‘టు ఆర్డర్’ అని రాయిస్తే, మీరు వెనక సంతకం చేసేదాకా ఆ కాగితం ఎవరికీ చెల్లదు.

లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ – కాగితాలు సరిగా ఉంటే డబ్బిస్తానని కొన్నవాడి బ్యాంకు ఇచ్చే హామీ) మీద పంపే పనైతే సరెండర్ ఊసే ఎత్తకండి, బ్యాంకుకు ఒరిజినల్సే కావాలి. ఎల్‌సీలో వేరే గడువు లేకపోతే ఓడెక్కిన తేదీ నుంచి 21 రోజుల లోపు, ఎల్‌సీ గడువు దాటకుండా, కాగితాలు బ్యాంకులో ఇవ్వాలి.

ప్రశ్న: చైనా నుంచి ఒక యంత్రం తెప్పించాము. చెన్నైలో విడిపించేసరికి స్టోరేజీ అని ఒక బిల్లు, డిటెన్షన్ అని ఇంకో బిల్లు వచ్చాయి. ఒకే ఆలస్యానికి రెండుసార్లు వసూలు చేస్తున్నారా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: లేదు, అవి రెండు వేర్వేరు వస్తువుల అద్దె. స్టోరేజీ బిల్లు మీ సరుకు ఆక్రమించిన జాగాకు, దాన్ని రేవో సీఎఫ్ఎస్సో (రేవు బయట కంటైనర్లు ఉంచే స్టేషన్) వేస్తుంది. డిటెన్షన్ ఇనుప పెట్టెకు (కంటైనర్‌కు), దాన్ని ఓడ కంపెనీ వేస్తుంది. పెట్టె రేవులోనే నిండుగా ఉండిపోతే డెమరేజ్, బయటికి తెచ్చాక ఖాళీ పెట్టె తిరిగి ఇవ్వడం ఆలస్యమైతే డిటెన్షన్ అని ప్రపంచంలో ఎక్కువ చోట్ల వాడుక. మన దగ్గర స్టోరేజీని కూడా డెమరేజ్ అనేస్తారు. కాబట్టి బిల్లు మీద ఉన్న పేరు కన్నా అది వేసింది ఎవరో చూడండి, తగ్గింపు అడగాల్సింది వాళ్లనే.

ఉచిత రోజులు రెండింటికీ వేరువేరు. సెలవులు, ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయా అని ముందే అడగాలి. రోజులు పెంచమని అడగాల్సిన సమయం బుకింగ్ అప్పుడే, ఓడ వచ్చాక అడిగితే ఎవరూ వినరు. ఆలస్యానికి మూలం ఎక్కువగా కాగితాలే: ఒరిజినల్ బీఎల్ రాకపోవడం, ఇన్వాయిస్‌లో ఒక బరువు, ప్యాకింగ్ లిస్టులో ఇంకో బరువు ఉండటం, హెచ్ఎస్ కోడ్ (సరుకు రకాన్ని తెలిపే కస్టమ్స్ నంబరు) మీద కస్టమ్స్ వాళ్లు ప్రశ్న వేయడం. బిల్ ఆఫ్ ఎంట్రీని (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రాన్ని) ఓడ రాకముందే దాఖలు చేయించండి. ఖాళీ పెట్టెను లైన్ చెప్పిన యార్డులోనే ఇచ్చి, ఆ రశీదు దాచండి. డిటెన్షన్ లెక్క ఆ రశీదు మీది తేదీతోనే ఆగుతుంది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న అమ్మాయికి పచ్చళ్లు, పొడులు పంపాను. ఇంట్లో తూకం వేస్తే 9 కిలోలు, కొరియర్ వాళ్లు 14 కిలోలకు డబ్బు తీసుకున్నారు. మోసమా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మోసం కాదమ్మా. విమానంలో బరువుతో పాటు చోటుకు కూడా వెల ఉంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది వాల్యూమెట్రిక్ బరువు. అసలు బరువు, ఇది – రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. 50, 40, 35 సెంటీమీటర్ల పెట్టె అయితే 70,000 వస్తుంది, 5000తో భాగిస్తే సరిగ్గా 14. మీది ఆ కొలత పెట్టే అయ్యుంటుంది. అదే సామాను 40, 30, 35 పెట్టెలో సర్దితే 8.4 మాత్రమే, అప్పుడు అసలు బరువు 9కే కడతారు. పెట్టె ఉబ్బితే ఉబ్బిన చోటే కొలుస్తారు, కాబట్టి కుక్కి నింపకండి.

విమాన కార్గోలో 5000 బదులు 6000తో భాగిస్తారు. ఓడలో నలుగురి సరుకుతో కలిసి వెళ్లే ఎల్‌సీఎల్‌కు ఒక ఘనపు మీటరును ఒక టన్నుగా లెక్కేస్తారు. శ్రీకాళహస్తి నుంచి 1.8 ఘనపు మీటర్ల కలంకారీ గుడ్డలు 240 కిలోలుంటే, ఓడలో 1.8 టన్నులకు, విమానంలో 300 కిలోలకు కట్టాల్సి వస్తుంది. గుడ్డలను గట్టిగా బేళ్లు కట్టిస్తే రెండు చోట్లా మిగులుతుంది.