ఫార్మాట్ ఎవరు కొట్టారన్నదే మీ కేసు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. చిన్న ఫొటో స్టూడియో నడుపుకుంటున్నాను. మా ఆవిడ గాజులు కుదువ పెట్టి కంప్యూటర్‌కు కొత్త మదర్‌బోర్డు, ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీ (కొత్తరకం డిస్క్) వేయించాను. షాపువాళ్లు పాత హార్డ్‌డిస్క్‌కు ఇమేజ్ బ్యాకప్ (ఉన్నదున్నట్టుగా ఒకే ఫైలుగా తీసే కాపీ) తీసి, ఆ డిస్క్‌ను ఫార్మాట్ కొట్టారు. ఇమేజ్‌ను ఎస్‌ఎస్‌డీలోకి రీస్టోర్ చేస్తే బ్లూ స్క్రీన్ వస్తోంది. ఆరేళ్ల పెళ్లి ఫొటోలు పోయాయి. ఇమేజ్ పాడైందని, డేటాకు తమ పూచీ లేదని అంటున్నారు. తెలిసినవాళ్లే కదా అని బిల్లు తీసుకోలేదు. చేసిస్తామంటూ 22 నెలలు తిప్పారు. చీటింగ్ కేసు పెట్టొచ్చా? పాత డిస్క్ మీదికే ఇమేజ్ ఎక్కిస్తే అన్నీ వస్తాయని ఫ్రెండ్ అంటున్నాడు, చేయమంటారా?

జవాబు: ముందు ఆ ఫ్రెండ్‌ను ఆపండి. పాత డిస్క్‌ను కంప్యూటర్‌కు తగిలించనే వద్దు. ఫార్మాట్ కొట్టినా, పైన కొత్తగా ఏమీ రాయనంత వరకు హార్డ్‌డిస్క్‌లో ఫొటోలు మిగిలి ఉండే అవకాశం ఉంది. ఇమేజ్ ఎక్కించారో, ఫొటోల మీదా సాక్ష్యం మీదా మీ చేత్తో మీరే మట్టి పోసినట్టు.

గాజుల సంగతి వినియోగదారుల కమిషన్ ముందు నిలబడదు. ఫార్మాట్ కొట్టేముందు ఫొటోలు ఇమేజ్‌లోకి వచ్చాయో లేదో షాపువాళ్లు చూశారా? కేసంతా దీని మీదే. బ్లూ స్క్రీన్ వచ్చినంత మాత్రాన ఇమేజ్ పాడైనట్టు కాదు, పాత బోర్డు డ్రైవర్లతో (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌తో) ఉన్న విండోస్ కొత్త బోర్డు మీద లేవకపోవడం మామూలే. ఎస్‌ఎస్‌డీని వేరే కంప్యూటర్‌కు తగిలించి చూడండి. ఫొటోలు అందులో ఉంటే మీకు జరిగిన నష్టం చిన్నది. లేకపోతే, చాలామంది చేసినట్టే సీ డ్రైవ్‌కు మాత్రమే ఇమేజ్ తీసి, ఫొటోలున్న డీ డ్రైవ్‌ను కూడా తుడిచేశారేమో పాత డిస్క్‌ను డేటా రికవరీ తెలిసినవాళ్ల చేత చూపించి, రిపోర్టు రాతపూర్వకంగా తీసుకోండి. అప్పుడు 'పూచీ లేదు' అన్న మాటకు బలం ఉండదు.

బిల్లు లేకపోవడం మీ తప్పే. జనం పెళ్లి ఫొటోలకు ఒక్కటంటే ఒక్క కాపీ పెట్టుకోవడం అంతకన్నా పెద్ద తప్పు, రేపు అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. అయినా ఫోన్‌పే చెల్లింపులు, 'బ్యాకప్ అయింది, ఫార్మాట్ కొడుతున్నాం' లాంటి వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే చాలావరకు గట్టెక్కుతారు. ఆ ఫోన్‌ను మార్చకండి, చాట్‌ను చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఈ మెసేజ్‌లకు సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేస్తారు.

చీటింగ్ కేసు వద్దు. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి, మీరు రాసినదాంట్లో అజాగ్రత్త తప్ప అది కనిపించడం లేదు. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగితే ఉన్న కొద్దిపాటి గడువూ దాటిపోతుంది.

నాకు టెన్షన్ అదే. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం కారణం ఏర్పడిన రోజు నుంచి 2 సంవత్సరాల్లోపు ఫిర్యాదు వేయాలి. షాపువాడు నోటిమాటగా తిప్పినంత మాత్రాన గడువు ఆగదు, లాయర్ నోటీసు ఇచ్చినా ఆగదు. దాటాక తగిన కారణం చూపి మన్నించమని అడగవచ్చు గానీ, మన్నిస్తారని భరోసా లేదు.

కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయవచ్చు. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. స్టూడియో మీ సొంత జీవనోపాధి అని ఫిర్యాదులోనే స్పష్టంగా రాయండి, లేకపోతే వ్యాపార అవసరమంటూ, మీరు వినియోగదారే కాదని అభ్యంతరం లేవదీస్తారు. షాపుకు కట్టిన డబ్బు, రికవరీ ఖర్చు, కస్టమర్లకు తిరిగిచ్చిన అడ్వాన్సులు రశీదులతో అడగండి. రుజువు లేని లక్షలు అడిగితే మిగతా మాటల మీదా నమ్మకం పోతుంది. నోటీసును ఈ వారమే స్పీడ్ పోస్టులో పంపండి, జవాబు కోసం కూర్చోకుండా ఫిర్యాదు రాయించడం మొదలుపెట్టండి.