ప్యాకెట్ ఫుడ్‌లో పారాబెన్ ఉందో లేదో లేబుల్ చూసి ఎలా కనిపెట్టాలి?

పారాబెన్లు అంటే ఆహారం బూజు పట్టకుండా కలిపే ఒక రకం ప్రిజర్వేటివ్‌లు. లేబుల్‌పై ‘పారాబెన్’ అనే మాట కోసమే వెతికితే చాలాసార్లు దొరకదు. పదార్థాల (ఇంగ్రీడియెంట్స్) జాబితాలో చివరి రెండు మూడు లైన్లు చూడండి, అసలు సంగతి అక్కడే చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘ప్రిజర్వేటివ్ (218)’ అని ఉంటే అది మిథైల్ పారాబెన్. 214 ఇథైల్, 216 ప్రొపైల్. వాటి పక్కనున్న 215, 217, 219 ఆ మూడింటి సోడియం లవణాలు. నంబరుకు ముందు ‘ఇ’ ఉన్నా లేకపోయినా ఒకటే. నంబరు లేకపోతే పేరులో ‘హైడ్రాక్సీబెంజోయేట్’ అనే ముక్క ఉందేమో చూడండి.

చాలామంది పొరబడేది 211 దగ్గర. అది సోడియం బెంజోయేట్, పేరు దగ్గరగా ఉన్నా పారాబెన్ కాదు. బెంజోయేట్ పులుపున్న వాటిలోనే బాగా పనిచేస్తుంది, పారాబెన్లు పులుపు లేకపోయినా బూజునీ ఈస్ట్‌నీ ఆపుతాయి కాబట్టి కేకులు, ఫిల్లింగులు, సిరప్‌ల లాంటి వాటి లేబుల్ కాస్త ఎక్కువ శ్రద్ధగా చదవాలి.

ప్రొపైల్ పారాబెన్‌ని యూరోపియన్ యూనియన్ 2006లోనే ఆహారం నుంచి తీసేసింది, కాలిఫోర్నియాలో 2027 నుంచి నిషేధం. మిథైల్, ఇథైల్ రకాలకు మాత్రం యూరప్‌లో పరిమితులతో అనుమతి ఉంది, కాబట్టి 218 కనిపించగానే టెన్షన్ పడక్కర్లేదు.