అమ్మకు వాన పాటలు

ప్రశ్న: మా అమ్మకు డెబ్బై ఏళ్లు. వానాకాలం సాయంత్రాల్లో వినడానికి ఆమె ఫోనులో పాటల జాబితా చేసిపెట్టాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వాన అనగానే ఏ పాట గుర్తొస్తుందో ముందు అమ్మగారినే అడగండమ్మా. 1964 నాటి ‘ఆత్మబలం’లోని ‘చిటపట చినుకులు’ అంటారని నా నమ్మకం. ఘంటసాల, సుశీల అది పాడుతుంటే నాకు ఇప్పటికీ మా పెంకుటింటి చూరు నీళ్లు, వాటి కింద అమ్మ వరసగా పెట్టిన బిందెలు కనిపిస్తాయి. ఆ తర్వాత మీ కాలానికి రండి: ‘యముడికి మొగుడు’ (1988)లోని ‘వానజల్లు గిల్లుతుంటే’, ‘వర్షం’ (2004)లోని ‘నువ్వొస్తానంటే’. హుషారు పాటలు రెండు పక్కపక్కన వద్దు, మధ్యలో ఒక నెమ్మది పాట ఉండాలి. పది పాటలు చాలు, పకోడీలు వేగి, టీ తాగేంత సేపు వస్తాయి. మొదటి పాట మాత్రం ఆమెదే ఉంచండి.