పార్కింగ్ దావాకు జవాబు: ముందు తేదీ చూడు

చిరంజీవి సందీప్‌కు,

ఇంగ్లండ్‌లో ప్రైవేటు పార్కింగ్ కంపెనీ నీ మీద వేసిన దావా తాలూకు కోర్టు కాగితం నార్తాంప్టన్ నుంచి వచ్చిందని మీ అమ్మ చెప్పింది. ఇన్నాళ్లూ వసూలు ఏజెన్సీల ఉత్తరాలు పక్కన పడేశావంటే ఫరవాలేదు, వాళ్లకు నీ మీద ఏ అధికారమూ లేదు. ఇది అలాంటిది కాదు. జవాబు వెళ్లకపోతే ఏ జడ్జీ నీ మాట వినకుండానే అడిగిన సొమ్మంతటికీ తీర్పు వచ్చేస్తుంది. మన దగ్గర ఎక్స్‌పార్టీ అంటామే, అదే. ఇక్కడ దాన్ని సీసీజే, అంటే కౌంటీ కోర్టు జడ్జిమెంట్, అంటారు. ఆరేళ్లు రిజిస్టరులో ఉంటుంది, ఇల్లు అద్దెకు అడిగినా, మార్ట్‌గేజ్‌కు వెళ్లినా బయటపడుతుంది.

కాగితం మీద కౌంటీ కోర్టు క్లెయిమ్ ఫారం అనీ, వాదిగా పార్కింగ్ కంపెనీ పేరూ ఉన్నాయేమో ముందు చూడు. ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్ అని ఉంటే అది కౌన్సిల్ వేసిన పెనాల్టీ. అదీ నార్తాంప్టన్ నుంచే వస్తుంది కానీ దాని దారి వేరు, ఈ ఉత్తరం దానికి పనికిరాదు.

తర్వాత ఇష్యూ తేదీ, అంటే కోర్టు దావాను జారీ చేసిన తేదీ. దానికి 5 రోజులు కలిపితే నీకు అందినట్టు లెక్క, నువ్వు కవరు ఎప్పుడు చించావన్నది కాదు. అక్కడి నుంచి 14 రోజుల్లో అక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ సర్వీస్ (దావా అందిందని కోర్టుకు తెలిపే పత్రం) వేస్తే, డిఫెన్స్‌కు, అంటే పూర్తి జవాబుకు, అందిన రోజు నుంచి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. ఇష్యూ సెప్టెంబరు 9 అయితే, అందింది 14న, అక్నాలెడ్జ్‌మెంట్‌కు ఆఖరు 28, డిఫెన్స్‌కు ఆఖరు అక్టోబరు 12. ఆఖరిరోజు సాయంత్రం 4 దాటితే మర్నాటి కింద లెక్క, కాబట్టి నాలుగైదు రోజులు ముందే పంపెయ్. మన ఊళ్లో సివిల్ దావాల్లా వాయిదా మీద వాయిదా దొరుకుతుందని అనుకోకు.

అక్నాలెడ్జ్‌మెంట్ ఆన్‌లైన్‌లో వెయ్యి, ఫారం మీదే క్లెయిమ్ నంబరూ పాస్‌వర్డూ ఉంటాయి. మొత్తం దావాను ఎదుర్కొంటానన్న గడినే టిక్ చెయ్యి, కోర్టు పరిధిని సవాలు చేసే గడి ముట్టుకోకు. డిఫెన్స్ రాసే పెట్టెలో ఇప్పుడు ఒక్క అక్షరం కూడా పెట్టకు. అందులో "సారీ, తర్వాత రాస్తాను" అని టైప్ చేసి పంపితే అదే నీ డిఫెన్స్ అయిపోతుంది.

అదేరోజు కంపెనీ డేటా ప్రొటెక్షన్ విభాగానికి, నీ గురించి వాళ్ల దగ్గరున్న సమాచారమంతా అడుగుతూ ఈమెయిల్ పెట్టు: ఫోటోలు, పంపిన నోటీసులు, మెషీన్‌లో నీ చెల్లింపు రికార్డు. నెలలో ఉచితంగా ఇవ్వాలి. అది వచ్చేదాకా కోర్టు గడువు మాత్రం ఆగదు.

ఇక డిఫెన్స్. నీ బలమంతా ఇక్కడే. దావా వివరాల్లో వాళ్లు రాసిన ప్రతి పేరాకూ జవాబుండాలి: ఒప్పుకుంటున్నాను, కాదంటున్నాను, లేదా నాకు తెలియదు, రుజువు చెయ్యాలి. వదిలేసిన మాట ఒప్పుకున్నట్టే పోవచ్చు. నిబంధన ఉల్లంఘించాడని ఊరికే రాసి, ఏ నిబంధనో చెప్పకపోతే ఆ లోపాన్ని కూడా ఎత్తిచూపు.

కారు నీ పేరున ఉన్నంతమాత్రాన నడిపింది నువ్వేనని కాదు. నడిపినవాళ్లు ఎవరో తెలియనప్పుడు కీపర్‌ను (కారు ఎవరి పేరున రిజిస్టరై ఉందో వాళ్లను) పట్టుకోవాలంటే ఇంగ్లండ్, వేల్స్‌లో 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం నాలుగో షెడ్యూలు షరతులు నెరవేరాలి. అద్దం మీద టికెట్ పెట్టకుండా కెమెరాతో పట్టుకున్న కేసులో, పార్క్ చేసిన మర్నాటి నుంచి 14 రోజుల్లోగా నోటీసు చేరాలి. ఆలస్యమైతే ఆ చట్టం కింద కీపర్‌ను అడగలేరు. సొంత బైలాలున్న రైల్వే, విమానాశ్రయ స్థలాలకు అది వర్తించదు. అయితే సందీప్, అబద్ధం రాయకు. కింద సత్యప్రమాణం మీద సంతకం పెడతావు, తెలిసి తప్పు రాస్తే కోర్టు ధిక్కారం. జడ్జి సూటిగా అడిగితే సూటిగా చెప్పాలి.

బోర్డుల సంగతి ఆ రోజు ఆగిన వేళకే వెళ్లి చూడు. చీకట్లో చదవగలమా, ఛార్జీ ఎంత అన్నది పెద్ద అక్షరాల్లో ఉందా? 2015లో పార్కింగ్‌ఐ అనే కంపెనీకీ బీవిస్ అనే వాహనదారుడికీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 85 పౌండ్ల ఛార్జీని సమర్థించింది, అక్కడ బోర్డులు స్పష్టంగా ఉండడం అందుకొక ముఖ్య కారణం. కెమెరా లెక్కపెట్టేది లోపలికొచ్చి బయటికెళ్లిన సమయం, పార్క్ చేసిన సమయం కాదు. ఒకేరోజు రెండుసార్లు వెళ్తే ఒకటిగా కలిపేసే పొరపాటూ జరుగుతుంది. నీ ఫ్లాటు కింద నీ స్థలమే అయితే లీజు బయటికి తియ్యి, కంపెనీ బోర్డు కన్నా అదే ముందు.

100 పౌండ్ల మీద "వసూలు ఖర్చు" అని 70 కలిపి ఉంటే గట్టిగా అభ్యంతరం చెప్పు. పైన చెప్పిన 2012 చట్టం ప్రకారం కీపర్ నుంచి రాబట్టగల గరిష్ఠం నోటీసులో అడిగిన మొత్తమే.

డిఫెన్స్‌ను సంతకం, తేదీతో పీడీఎఫ్ చేసి కోర్టుకు ఈమెయిల్ చెయ్యి. ఆటోమేటిక్‌గా వచ్చే జవాబు దాచుకో. తర్వాత ఎన్180 ప్రశ్నపత్రం వస్తుంది: స్మాల్ క్లెయిమ్స్‌కు (చిన్న మొత్తాల దావాల విచారణ పద్ధతికి) ఒప్పుకుని, నీకు దగ్గరి కోర్టు కోరుకో. సంక్రాంతికో పెళ్లికో ఇండియా టికెట్ కొనుంటే ఆ తేదీలు తప్పకుండా రాయి. 2024 మే నుంచి ఫోన్ మధ్యవర్తిత్వం తప్పనిసరి, ఉచితం. ఫోన్ ఎత్తాలి, రాజీపడాలనేం లేదు. కంపెనీలు విచారణకు ముందు విరమించుకోవడం జరుగుతుంటుంది, దానిమీద ఆశపెట్టుకుని సాక్ష్యం తయారుచెయ్యడం మానకు. సాక్షి వాంగ్మూలం, ఫోటోలు కోర్టు ఉత్తర్వులో చెప్పిన తేదీకి ఇద్దరికీ చేరాలి, సాధారణంగా విచారణకు 14 రోజుల ముందు.

బోర్డు స్పష్టంగా ఉండి, నువ్వే గంటసేపు ఎక్కువ ఉండి, డబ్బు కట్టకపోతే మాత్రం పోరాడకు, రాజీకి మాట్లాడు. పోరాడి ఓడినా మునిగిపోవు. ఛార్జీ 100, దావా ఫీజు 35, లాయరుకు 50, విచారణ ఫీజు 27, కొంత వడ్డీ, ఇంచుమించు ఇంతే. తీర్పు వచ్చిన నెలలోపు పూర్తిగా కడితే రిజిస్టరులోంచి తీసేస్తారు. గడువు తప్పి వచ్చిన తీర్పును కొట్టేయించుకోవాలంటే దరఖాస్తు ఫీజే 300 పౌండ్ల పైన.

ఇల్లు మారితే కారు లాగ్‌బుక్‌లో (మన ఆర్‌సీ లాంటిది) చిరునామా మార్పించు, ఈ కేసు కోసం కొత్త చిరునామాను కోర్టుకూ కంపెనీ లాయర్లకూ రాసి పంపు. ఇష్యూ తేదీ ఈ రాత్రికే నాకు మెసేజ్ పెట్టు. డిఫెన్స్ చిత్తుప్రతి రాసి పంపితే చూసిపెడతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న